బాబాయిని సెలవు మీద పంపిన వారం

సోమవారం పొద్దున బ్యాంకు తలుపులు తీసీ తీయగానే ఒకామె లోపలికి వచ్చి, పెన్షన్ కౌంటరు ముందు నిలబడి, "ఇవాళ్టి నుంచి పది పనిదినాలు మీకు సెలవండీ," అంది.

కౌంటరు వెనక కుర్చీలో పెద్దాయన అప్పుడే కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. తుడవడం ఆపి, "నేను సెలవు అడగలేదే అమ్మా," అన్నాడు.

"అడిగితే ఇచ్చేది మామూలు సెలవు. ఇది అడక్కుండా ఇచ్చేది."

ఆమె ప్రాంతీయ కార్యాలయంలో రిస్కు శాఖ అధికారి. ఎదురుగా మేడమ్ అంటారు గాని, వెనకాల బ్రాంచీలన్నిటా ఆమె రిస్కమ్మే. రిస్కమ్మ గడప తొక్కిందంటే ఆ బ్రాంచిలో ఎవరికో ఒకరికి మూడిందని వాడుక. ఆ మాట ఆమె చెవిన కూడా పడింది. పడినా నొచ్చుకోలేదు సరికదా, లోలోపల కాస్త మురిసింది.

ఈ సెలవు సంగతేమిటంటే, కొత్తగా వచ్చిన రూలు ప్రకారం, డబ్బూ సంతకాలూ చేతిలో ఉండే ఏ బ్యాంకు ఉద్యోగి అయినా ఏడాదికోసారి వరసగా పది రోజులు తన సీటుకు దూరంగా ఉండి తీరాలి. ముందుగా చెప్పకూడదు. ఆ పది రోజులూ బ్యాంకు గడప తొక్కకూడదు, బ్రాంచికి ఫోను చెయ్యకూడదు, ఖాతాదారుల్ని కలవకూడదు. ఏదైనా మాయ చేస్తున్నవాడు దాన్ని రోజూ కప్పిపుచ్చుకోవాలి గనక, మనిషిని పది రోజులు పక్కన పెడితే మాయ దానంతటదే బయటికొస్తుందని పైనున్న నియంత్రణ సంస్థ వారి ఆలోచన. ఆలోచన మంచిదే. ఈ పెద్దాయనలా పదకొండేళ్లుగా ఒక్క సెలవూ పెట్టనివాణ్ణి మెచ్చుకునే లోకం ఒకటుంది, అనుమానించే శాఖ ఒకటుంది. ఆమె ఆ శాఖ మనిషి.

పెద్దాయన్ని బ్రాంచిలో అందరూ బాబాయి అంటారు. ఆయన కన్నా పదేళ్లు చిన్నవాడైన మేనేజరు కూడా, పక్కన పైవాళ్లు లేనప్పుడు, బాబాయి అనే పిలుస్తాడు. ఇరవై రెండేళ్లుగా ఆయనది ఆ ఒక్క కౌంటరే. సొరుగు తీసి తాళాలు, రబ్బరు స్టాంపులు, వేలిముద్రల సిరా డబ్బా, నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేలికి తొడుక్కునే రబ్బరు తొడుగు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. అప్పగింత కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేశారు. ఆమె సంతకం కేసి ఆయన కాసేపు చూసి, ఏదో అనబోయి, కాగితం మడిచి ఇచ్చేశాడు.

"ఒకటో తారీకు శనివారం వచ్చిందమ్మా. ఆ ఒక్క పూటకైనా రానివ్వండి," అన్నాడు. "కాలు కదపలేనివాళ్లు ఆరుగురున్నారు. స్లిప్పు మీద వేలిముద్ర తెచ్చుకుని, డబ్బు తీసి, నేనే ఇళ్లకి తీసుకెళ్లి ఇస్తాను. వాళ్లకి కొత్త మనిషి వెళితే కంగారు పడతారు."

"జాబితా ఇవ్వండి. నేను చూసుకుంటాను."

ఆయన ఓ చిత్తుకాగితం తీసుకుని, పేర్లూ వీధులూ గుర్తులతో సహా రాశాడు. ఆమె దాన్ని అందుకుని లెక్కపెట్టింది. "ఆరుగురన్నారు. ఇందులో ఐదుగురే ఉన్నారు."

"ఐదుగురే. వయసు మీద పడిందమ్మా, నోరు తొందరపడింది," అని సంచీ భుజాన వేసుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయాడు.

ఇరవై రెండేళ్లలో చిల్లర లెక్క కూడా తప్పని మనిషికి ఒకటీ రెండూ మూడూ తప్పాయంటే ఆమె నమ్మే రకం కాదు. కాగితాన్ని తన డైరీలో పెట్టుకుంది.

ఆ రోజూ మర్నాడూ కౌంటరు దగ్గర ఆమె పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. తప్పులు పట్టడం ఆమె విద్య. పని చెయ్యడం వేరే విద్య అని ఆమెకి మొదటి గంటలోనే తెలిసొచ్చింది. ఒక రిటైరైన నర్సమ్మ కర్ర ఊతంగా వచ్చి, కుర్చీలో కొత్త మొహం చూసి, "బాబాయి లేడా?" అంది.

"సెలవు మీద ఉన్నారండీ."

"ఆయనా? సెలవా? గుండేమైనా..."

"అదేం లేదు. మీ పనేంటో చెప్పండి, నేను చేస్తాను."

"వద్దులే తల్లీ. నా చెవుడు సంగతి నీకు తెలియదు. నువ్వరవాలి, నేను వినాలి, ఇద్దరికీ ఆయాసం. ఆయనొచ్చాకే వస్తాను."

మధ్యాహ్నానికల్లా బాబాయికి గుండెపోటు వచ్చిందనీ, సాయంత్రానికి ఆపరేషను కూడా అయిందనీ వరసలో వార్త పాకింది. మంగళవారం పొద్దున ఒక ముసలాయన రెండు అరటిపళ్లు తెచ్చి, "ఆసుపత్రిలో ఇచ్చెయ్యమ్మా," అని బల్ల మీద పెట్టి వెళ్లాడు. క్యాషియరమ్మాయి నవ్వాపుకోలేక తల కిందికి దించుకుంది. రిస్కమ్మ నవ్వలేదు. ఖాతాదారులు ఒక ఉద్యోగి మీద అంతగా ఆధారపడటం కూడా ఒక రిస్కేనని డైరీలో ఓ వాక్యం రాసుకుంది.

మంగళవారం సాయంత్రం జనం పలచబడ్డాక ఆమె ఇనప బీరువా తెరిచింది. నడవలేనివాళ్ల స్లిప్పులు విడివిడి కట్టలుగా, రబ్బరు బ్యాండ్లు వేసి, ఓ అట్టపెట్టెలో ఉన్నాయి. లెక్కపెట్టింది. ఆరు కట్టలు. జాబితా పక్కన పెట్టుకుని ఒక్కో పేరే కొట్టేస్తూ వచ్చింది. జాబితాలో లేని ఆరో కట్ట, రోడ్డురోలరు నడిపి రిటైరైన ఒక డ్రైవరుది.

ఆ కట్టలోని స్లిప్పుల్ని తారీకుల వరసన బల్ల మీద పరిచింది. కళ్లకి భూతద్దం ఆనించింది. పాత వేలిముద్రలన్నీ ఒకే తీరు. వెడల్పాటి బొటనవేలు, దాని మధ్యలో అడ్డంగా ఓ తెల్లటి గీత. ఎప్పుడో ఇంజను కడ్డీ తగిలి తెగినట్టుంది. చివరి నాలుగు ముద్రల్లో ఆ గీత లేదు. వేలు సన్నం. ముద్ర నిండా సూది మొనలంత తెల్లచుక్కలు.

ఆమెకి ఒక్కసారి ఒళ్లు చురుక్కుమంది. దొంగ దొరికినప్పుడు కలిగే ఆ చురుకుని ఇన్నేళ్లూ ఆమె తన నిజాయితీ అనుకుంటూ వచ్చింది. కట్టని కవరులో పెట్టి, మూత అంటించి, పైన సంతకం చేసింది.

బుధవారం పొద్దున చిరునామా వెతుక్కుంటూ వెళ్లింది. రెండు సందుల అవతల, దర్జీ కొట్ల వెనక, ఒకే గది ఇల్లు. తలుపు తీసే ఉంది. కిటికీ కింద చాప మీద నలభై దాటిన ఒకావిడ కూర్చుని, చొక్కాకి కాజాలు కుడుతోంది. రెండు కాళ్లూ చిన్నప్పుడే చచ్చుబడినవి, చీర కింద సన్నగా ఒక పక్కకి మడిచి ఉన్నాయి. పక్కన కుట్టాల్సిన చొక్కాలు ఒక గుట్ట, కుట్టినవి మరో గుట్ట.

"బ్యాంకు నుంచి వచ్చానండీ."

ఆవిడ మొహం విప్పారింది. "రండి మేడమ్, ఆ పీట లాక్కోండి. నేను లేవలేను, ఏమనుకోకండి. బాబాయిగారు రాలేదా? ఒంట్లో బాగాలేదని దర్జీ అంటున్నాడు. నిజమా?"

"బాగానే ఉన్నారు. సెలవులో ఉన్నారు. మీ నాన్నగారిని ఒకసారి చూడాలి."

ఆవిడ సూది ఆగింది. "నాన్నా? నాన్న పోయి ఐదో నెల కదండీ. బాబాయిగారు మీకు చెప్పలేదా?"

అబద్ధం చెబుతుందనీ, లోపల పడుకున్నాడనో ఊరెళ్లాడనో అంటుందనీ సిద్ధపడి వచ్చిన రిస్కమ్మకి ఈ జవాబుతో ఏం చెయ్యాలో తోచలేదు. మెల్లిగా అడిగింది. "మరి డబ్బు?"

"నెల నెలా తెచ్చిస్తున్నారుగా. నాన్న పోయిన మరుసటి నెల ఒకటిన వచ్చి, 'బెంగ పెట్టుకోకు, ఇక మీదట నీ వేలిముద్ర వెయ్యి, నీ డబ్బు నీకొస్తుంది' అన్నారు. ఒక్క పైసా తక్కువ తేలేదు మేడమ్. ఒకసారి వానలో తడిసి, నోట్లు మాత్రం కవర్లో పెట్టి పొడిగా తెచ్చారు." దారం పళ్లతో కొరికి, ఆవిడ నవ్వింది. "చుట్టూ దర్జీలున్నారు కాబట్టి ఈ కాజాలు దొరుకుతున్నాయి. ఇవి కుడితే పప్పూ ఉప్పూ వస్తాయి. అద్దెకీ మందులకీ అదే ఆధారం. శనివారం మీరే తెస్తారా?"

ఆవిడ కుడిచేతి బొటనవేలి మీద సూది గుచ్చుకున్న మచ్చలు ఆమెకి కనబడ్డాయి. "చూస్తాను," అని లేచింది. చాప మీద పడ్డ ఓ గుండీ తీసి ఆవిడ చేతికిచ్చి బయటికొచ్చింది.

బ్రాంచికి వచ్చాక మేనేజరు గదిలో తలుపు వేసి సంగతి చెప్పింది. విని ఆయన తల పట్టుకున్నాడు. "ఆ డబ్బులో బాబాయి చారు నీళ్లు కూడా తాగి ఉండడు మేడమ్. మీకూ తెలుసు."

"తాగాడని నేను అనలేదు. చనిపోయిన మనిషి పేర వేరే మనిషి వేలిముద్ర వేయించి నాలుగు నెలలు డబ్బు తీశాడు. దీన్నేమంటారో మీరే చెప్పండి."

"సోమవారం దాకా ఆగండి. ఆయన్ని పిలిచి మాట్లాడదాం. ఏదో ఒక దారి ఉండకపోదు."

"మోసం కంటబడ్డాక ఒక్క రోజులో రిపోర్టు చెయ్యాలి. అది నేను పెట్టిన రూలు కాదు. ఆగితే రేపు మీరూ నేనూ కూడా అదే బోనులో నిలబడతాం." ఆమె గొంతు పెంచలేదు. "నాకు మాత్రం సరదానా అండీ?"

ఆమె తన కంప్యూటరు తెరిచి, సంఘటన తారీకు, ఉద్యోగి పేరు, ఖాతా నంబరు, లబ్ధిదారు పేరు ఒక్కో గడిలో నింపుతూ పోయింది. లబ్ధిదారు అన్న గడి దగ్గర ఒక్క క్షణం ఆగిన మాట నిజం. ఆగి, కాజాలు కుట్టే ఆవిడ పేరు రాసింది. నాలుగున్నరకి మీట నొక్కింది. ఐదయ్యేసరికి ఖాతా స్తంభించింది. ఆరింటికి బాబాయి ఇంటికి సస్పెన్షను కాగితం వెళ్లింది. నియమాలు నత్తనడక నడుస్తాయని అంటారు గాని, మనిషిని పడగొట్టేటప్పుడు వాటికి ఎక్కడ లేని కాళ్లూ వస్తాయి.

గురువారం పదకొండింటికి పెన్షన్ల కార్యాలయం నుంచి ఒక గుమాస్తా ఫోను చేశాడు. ముక్కుతో మాట్లాడే మనిషి, పనిలో మాత్రం దిట్ట. "మీ రిపోర్టు అందిందండీ. డ్రైవరుగారి ఫైలు ముందేసుక్కూర్చున్నాను. లబ్ధిదారు కూతురని రాశారు. పెళ్లయిందా?"

"లేదు. కాళ్లు లేవు. అంటే, ఉన్నాయి, చచ్చుబడ్డాయి. చిన్నప్పటి నుంచీ."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "మరి ఇదంతా ఎందుకు చేశారండీ?"

"అంటే?"

"వైకల్యం ఉన్న పిల్లలకి తండ్రి తర్వాత బతికినంత కాలం కుటుంబ పెన్షన్ వస్తుంది కదా. ఆరేళ్లయింది ఆ సవరణ వచ్చి. చావు ధ్రువపత్రం, డాక్టరు కాగితం, ఒక దరఖాస్తు. రెండు నెలల్లో మొదలయిపోయేది. తండ్రి పెన్షన్ కన్నా కాస్త తక్కువ, అంతే. తనకి హక్కుగా వచ్చేదాన్ని దొంగతనంగా తీసుకున్నట్టయింది పాపం."

ఆమె ఫోను ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది. "అయితే ఇప్పుడు పెట్టిద్దాం. దరఖాస్తు ఇవాళే పెట్టిస్తాను."

"పెట్టించండి. కానీ మోసం అని నమోదయింది కదా, ఫైలు మీద సీలు పడింది. విచారణ పూర్తయ్యేదాకా కదలదు. పైగా తీసుకున్నదంతా వెనక్కి కట్టాలి. విచారణంటే మీకు నేను చెప్పాలా, రెండేళ్లో మూడేళ్లో."

"దారేం లేదా?"

"ఒకటుంది. చావు కబురు దాచలేదని రుజువు చూపించాలి. ఆ మనిషి పోయాడని మీ బ్యాంకుకి అప్పుడే రాతపూర్వకంగా తెలిసి ఉంటే, అది మోసం కాదు, బ్యాంకు నిర్లక్ష్యం అవుతుంది. సీలు తీసేస్తాం, ఫైలు కదులుతుంది. ఉందా అలాంటి కాగితం?"

"కనుక్కుంటాను," అని ఫోను పెట్టేసింది. పెన్షన్ కౌంటరులో బాబాయి వాడే నిబంధనల పుస్తకం తీసి చూసింది. కుటుంబ పెన్షన్ అధ్యాయంలో భార్య, భర్త, మైనరు పిల్లలు, అంతటితో సరి. పుస్తకం అచ్చయి పద్నాలుగేళ్లయింది. అట్టలు ఊడిపోతే ఆయన గుడ్డపట్టీ వేసి అంటించుకున్నాడు. ఆమె శాఖ ఏడాదికి రెండుసార్లు ఈ బ్రాంచిని తనిఖీ చేస్తుంది. కౌంటర్ల మీద నిబంధనల పుస్తకం ఉందా అన్న ప్రశ్నకి ప్రతిసారీ ఉంది అనే టిక్కు పడుతూ వచ్చింది. ఎన్నేళ్లనాటిది అని ఎవరూ అడగలేదు.

ఒక్క మాట, ఒక్క ఫోను. బుధవారం సాయంత్రం ఆ మీట నొక్కేలోగా పెన్షన్ల కార్యాలయానికి ఒక్క ఫోను చేసి ఉంటే. రూలు ఇచ్చిన ఒక రోజులో ఆమె వాడుకున్నది గట్టిగా ఆరు గంటలు. మిగిలిన పద్దెనిమిది గంటలూ అలాగే ఉండిపోయాయి. కానీ బాబాయి కూడా ఎవరినీ ఒక్క మాట అడగలేదు కదా అన్న కోపం కూడా పక్కనే ఉంది. ఆ కోపాన్నే పట్టుకుని సాయంత్రం ఐదింటికి బాబాయి ఇంటికి వెళ్లింది.

తలుపు తీసింది ఆయన భార్య. లోపలికి రమ్మని తప్పుకుందే గాని కూర్చోమనలేదు. బాబాయి వంటింట్లో మోకాళ్ల మీద కూర్చుని, కారే కుళాయికి కొత్త వాషరు వేస్తున్నాడు. చేతిలో పానా. ఆమెని చూసి లేవబోయి, మోకాలు పట్టేసి, మళ్లీ కూర్చున్నాడు.

"పదకొండేళ్లుగా కారుతోంది, ఈవిడ పోరుతూనే ఉంది," అన్నాడు. "ఇప్పటికి తీరిక దొరికింది."

"మీరు ఎందుకు అడగలేదు?" ఆమె నిలబడే అంది. "డ్రైవరుగారి కూతురికి జీవితాంతం పెన్షన్ వచ్చే హక్కుంది. దరఖాస్తు పెడితే సరిపోయేది. ఇన్నేళ్ల అనుభవం ఉంది మీకు. ఒక్క ముక్క ఎవరినైనా అడిగి ఉంటే ఇవాళ ఆవిడ బతుకు ఇలా..."

బాబాయి చేతిలో పానా నేల మీద పెట్టాడు. "హక్కుందా?"

"ఉంది. ఆరేళ్ల నుంచీ ఉంది."

ఆయన తల వంచుకుని, తడి చేతుల్ని పంచెకి తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు. భార్య గుమ్మంలోంచి, "చెప్పరేం? నోట్లో ముత్యాలేం రాలవులెండి," అంది. ఆవిడ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "ఆ కాగితం నేను తెస్తాను."

అల్మరాలోంచి తెచ్చిన కాగితాన్ని ఆవిడే ఆమె చేతికిచ్చింది. బ్రాంచీల సందేహాలు రిస్కు శాఖకి పంపే కంప్యూటరు పత్రం, అచ్చు తీసింది. సందేహం: "రోడ్డురోలరు డ్రైవరుగా రిటైరైన మా ఖాతాదారు పన్నెండో తారీకున మరణించారు. అవివాహిత, కాళ్లు చచ్చుబడిన కూతురు ఉంది. ఆమెకు పెన్షన్ వచ్చే వీలు ఏమైనా ఉందా? ఉంటే ఏం చేయాలో తెలుపగలరు. మా దగ్గరున్న పుస్తకం పాతది." కింద జవాబు: "నిబంధనల ప్రకారం చర్య తీసుకోవలెను. సందేహం ముగించడమైనది." జవాబు కింద పేరు లేదు, ఉద్యోగి నంబరొక్కటే.

ఆ నంబరు ఆమెదే.

తారీకు చూసింది. మూడు నెలలకోసారి లెక్క తేల్చే ఆఖరి రోజు. ఆ మధ్యాహ్నం ఆమె రెండు వందల నలభై సందేహాలు ముగించింది. ఒకే వాక్యం, కాపీ చేసి ప్రతిదాని కిందా అతికించుకుంటూ పోయింది. సాయంత్రానికి శాఖ పెండింగు సున్నా అయింది. పైఆఫీసరు చప్పట్లు కొట్టించాడు. రెండు వందల నలభైలో ఇదొకటని ఆమెకి గుర్తు రావడానికి ఇది ఆమె చదివితే కదా.

"అడిగాను," అన్నాడు బాబాయి. "నిబంధనల ప్రకారం అన్నారు. నాకు తెలిసిన నిబంధన చనిపోయిన రోజు నుంచి ఆపెయ్యమనే. మళ్లీ అడుగుదామనుకున్నాను. అడిగితే ఆపెయ్యమని ఖాయంగా రాస్తారేమోనని భయం వేసింది. అడక్కపోతే ఓ నెల గడుస్తుంది కదా అనిపించింది. అలా నాలుగు నెలలు. నేను చేసింది తప్పేనమ్మా. ఏమీ తెలియని పిల్ల చేత వేలిముద్ర వేయించాను. నా ఉద్యోగం పోతే పోయింది, దాన్ని దొంగని చేశాను, అదీ నా ఏడుపు."

"ఈ నంబరు..." ఆమె కాగితం మీద వేలు ఆనించింది. "ఈ నంబరు నాది."

"తెలుసు. సోమవారం అప్పగింత కాగితం మీద సంతకం కింద రాశారుగా."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నారు? అప్పుడే నా మొహాన కొట్టచ్చుగా ఈ కాగితం!"

"కొడితే ఆ పిల్ల సంగతి బయటపడేది కదమ్మా," అన్నాడు, చిన్నపిల్లకి వివరం చెప్పినట్టు. "మీరు చూడకపోతే పది రోజులూ గడిచిపోతాయనుకున్నాను. నిన్న సస్పెన్షను కాగితం వచ్చాక ఫోను చేద్దామనుకున్నాను. బ్రాంచికి ఫోను చెయ్యకూడదని మీరే చెప్పారు. ఎన్ని రూళ్లు తప్పాను, ఈ ఒక్కటైనా నిలుపుకుందామని."

భార్య "సరిపోయింది సంబడం" అని లోపలికెళ్లిపోయింది.

ఆమె కాగితం పట్టుకుని అలాగే నిలబడింది. గుమాస్తా అడిగిన రుజువు ఇదే. ఇది పెడితే ఫైలు మీద సీలు పోతుంది, కూతురి దరఖాస్తు కదులుతుంది. బాబాయికి మాత్రం పెద్దగా ఒరిగేదేం లేదు, దొంగ వేలిముద్రలు దొంగ వేలిముద్రలే. ఇక తన సంగతి వేరే చెప్పాలా. చదవకుండా ముగించిన మిగతా రెండు వందల ముప్పై తొమ్మిది కూడా తవ్వుతారు. ఎవరు ఏ జవాబు నమ్మి ఏం చేసుకున్నారో.

"ఇది నేను తీసుకెళతాను," అంది.

బాబాయి చెయ్యి చాచి, మర్యాదగానే కాగితాన్ని వెనక్కి తీసుకున్నాడు. "సందు చివర జిరాక్సు కొట్టుంది. కాపీ ఇస్తాను. అసలు నా దగ్గరుంటుంది."

ఆ మాటకి ఆమె నొచ్చుకోలేదు. ఆయన స్థానంలో తనున్నా అదే చేసేది. ఇద్దరూ కలిసి కొట్టు దాకా నడిచారు. ఆయన కుంటుతున్నాడు. కాపీ చేతికొచ్చాక ఆమె అడిగింది. "రేపు ఆవిడ దగ్గరికి నాతో వస్తారా? మీరుంటే..."

"ఖాతాదారుల్ని కలవకూడదు కదమ్మా," అని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

శుక్రవారం తొమ్మిదింటికి ముందే ఆమె ఆ కాపీని ఓ ఉత్తరానికి జతచేసి పెన్షన్ల కార్యాలయానికీ తన పైఆఫీసరుకీ పంపింది. ఉత్తరంలో తన నంబరు పక్కన పేరు కూడా రాసింది. పది నిమిషాల్లో పైఆఫీసరు ఫోను. "నీకేమైనా మతిపోయిందా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ముందు నాకు చెప్పాలిగా, ఏదో ఒకలా సర్దేవాళ్లం." ఆమె వింది. వాదించలేదు. దరఖాస్తు పత్రం సంచీలో పెట్టుకుని కాజాలావిడ ఇంటికి బయల్దేరింది.

ఆవిడ మొన్నటి చొక్కాల గుట్ట సగం చేసింది. కిటికీ దగ్గరి వెలుగులో సూదిలోకి దారం ఎక్కిస్తూ, "రేపు కదా ఒకటో తారీకు, అప్పుడే వచ్చారేం?" అని నవ్వింది.

"రేపు డబ్బు రాదండీ." పీట లాక్కుని ఆమె కూర్చుంది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు పక్కన పెట్టింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది. నాన్న పేర తీసిన డబ్బు రూలు ప్రకారం తీయకూడనిదని చెప్పింది. బాబాయి ఉద్యోగంలోంచి ఆగిపోయాడని చెప్పింది. అది రిపోర్టు చేసింది తనేనని కూడా చెప్పింది.

ఆవిడ దారం ఎక్కించడం ఆపేసింది. "అంటే ఆయన తెచ్చింది నాది కాదా?" పక్కనున్న రేకుడబ్బా దగ్గరికి లాక్కుంది. మూత తీసి, అడుగున మడతపెట్టిన నోట్లు బయటికి తీసింది. "అద్దె పోను ఇంతే మిగిలింది. ఇది తీసుకెళ్లండి. తక్కినది కాజాలు కుట్టి కట్టుకుంటాను. బాబాయిగారి ఉద్యోగం మాత్రం..."

"వద్దండీ, వద్దు. లోపల పెట్టండి." ఆమె ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "అసలు మీకు రావలసిన పెన్షనే ఇంకోటుంది. మీ పేర, మీ హక్కుగా. మీ నాన్నగారు పోయిన రోజు నుంచీ ఉంది. అలాంటిదేమైనా ఉందా అని బాబాయిగారు ఆ నెలలోనే రాసి అడిగారు. ఆ కాగితం నా దగ్గరికే వచ్చింది."

"వస్తే?"

"చదవలేదు. చదవకుండానే జవాబు రాసేశాను."

ఆవిడ ఆమె మొహంలోకి చూసింది. కోపంగా కాదు. లెక్క సరిపోక మళ్లీ చూసుకునేవాళ్లు చూసినట్టు చూసింది.

"నాకైతే చదువు రాదు మేడమ్," అంది. "మీకొచ్చుగా?"

బయట దర్జీ కొట్లో మిషను ఆగి మళ్లీ మొదలైంది. ఆమె సంచీలోంచి దరఖాస్తు తీసి, ఒళ్లో పరుచుకుని, పై వరసలో అచ్చయిన కార్యాలయం పేరు దగ్గర్నుంచి ఒక్కో మాటా పైకి చదవడం మొదలుపెట్టింది. ఆవిడ నోట్లు చేతిలో పట్టుకునే వింటోంది.